ఇన్నేళ్లు మింగితే పిల్లకి ఏమవుతుందమ్మా?

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్ మందుల కౌంటర్ దగ్గర, హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్ని తీసుకొచ్చే పెద్దవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. లివరు పాడవదా, కిడ్నీలు పోవా, ఎదుగుదల ఆగిపోదా అని. ఫార్మసిస్టుగా ఆ భయాన్ని నేను ఎప్పుడూ కొట్టిపారేయను. పాత మందులు పిల్లల్ని నిజంగానే కష్టపెట్టాయి.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004లో మొదలైంది. పిల్లల కార్యక్రమం 2006 చివర్లో వచ్చింది. అప్పటి స్టావుడిన్ ప్రాణం నిలబెట్టేది కానీ, కొన్నేళ్లకి కొందరి బుగ్గలు లోపలికి పోయి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యేవి. జిడోవుడిన్‌తో కొందరికి రక్తం తగ్గిపోయేది. నెవిరపిన్‌ని మొదటి రెండు వారాలు సగం డోసే ఇచ్చి, దద్దుర్లు వస్తాయేమోనని చూసేవాళ్లం. ఇక లోపినావిర్ సిరప్ సంగతి చెప్పక్కర్లేదు. పరమ చేదు, అందులో 42 శాతం ఆల్కహాల్, పైగా చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఒక అవ్వ మనవరాలి ముక్కు మూసి పట్టించేది. సగం పావడా మీదే పడేది.

ఇప్పుడు చిన్నపిల్లలకి ఇచ్చేది డోలుటెగ్రావిర్ 10 మి.గ్రా. మాత్ర. రెండు చెంచాల నీళ్లలో వేస్తే కరిగిపోతుంది, స్ట్రాబెరీ రుచి. కలిపిన అరగంటలోపు తాగించాలి. నాలుగు వారాల వయసు, మూడు కిలోల బరువు ఉంటే చాలు, మొదలుపెట్టొచ్చు. 2021లో వెలువడిన ఒడిస్సీ పరిశోధనలో ఆఫ్రికా, థాయ్‌లాండ్, యూరప్‌లలో 700 మందికి పైగా పిల్లల్ని 96 వారాలు చూశారు. పాత పద్ధతిలో 22 శాతం మందికి చికిత్స విఫలమైతే, డోలుటెగ్రావిర్‌తో 14 శాతానికే అయింది. దుష్ప్రభావాలూ పెరగలేదు. కొందరికి నిద్ర పట్టదు, కొందరు కాస్త బరువు పెరుగుతారు. వాటిని మేం కనిపెట్టి చూస్తూ ఉంటాం.

వచ్చిన ప్రతిసారీ బరువు తూచేది డోసు కోసమే. 20 కిలోలు దాటితే పెద్దవాళ్ల 50 మి.గ్రా. మాత్ర ఇస్తాం. అది చూసి "జబ్బు ముదిరిందా?" అని కంగారుపడతారు. లేదమ్మా, పిల్ల ఎదిగింది, అంతే. కరిగే మాత్రలోని మందు ఒంట్లోకి ఎక్కువగా చేరుతుంది కాబట్టి, లెక్క కట్టి మీ అంతట మీరు ఒకదాని బదులు ఇంకొకటి వేయకండి. బళ్లో ఐరన్ మాత్ర ఇస్తారు కదా, దాన్ని ఈ మందు వేసిన రెండు గంటల తర్వాత వేసుకోమనండి. టీబీ మందులు మొదలైతే మాకు తప్పకుండా చెప్పండి, డోసు రోజుకి రెండుసార్లు చేయాలి.

మందు ఇవ్వకపోతే జరిగేది దీనికంటే చాలా ఘోరం. చికిత్స అందని పసివాళ్లలో దాదాపు సగం మంది రెండో పుట్టినరోజు చూడరు. దక్షిణాఫ్రికాలో పుట్టిన కొద్ది వారాలకే మందు మొదలుపెడితే, లక్షణాలు కనబడేదాకా లేదా రోగనిరోధక శక్తి తగ్గేదాకా ఆగినవాళ్లతో పోలిస్తే మరణాలు 76 శాతం తగ్గాయని 2008లో తేలింది.

ఇప్పుడు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు. పదో తరగతి కుర్రాడు ఒకడికి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) బాగా పెరిగింది. "రక్తం బలానికి" అని చెప్పి అమ్మమ్మ ఇన్నేళ్లూ మింగించింది. "నాకు బలం బానే ఉంది కదా మేడమ్, అందుకే మానేశా" అన్నాడు. వాడి మాటలో తప్పేముంది? కౌన్సిలర్ రెండు మూడు సార్లు కూర్చోబెట్టి జబ్బు పేరు చెప్పింది. వాడు ఏడ్చాడు, తర్వాత అమ్మ ఎలా పోయిందని అడిగాడు. మళ్లీ మందు వేసుకోవడం మొదలుపెట్టాక, తర్వాతి టెస్టులో వైరస్ అదుపులోకి వచ్చింది. అందుకే బడి వయసు నుంచే కొంచెం కొంచెంగా చెప్పమంటాను.

ఇప్పుడు వాడు హాస్టల్‌లో ఉన్నాడు. రోజుకి ఒకే మాత్ర. డబ్బా గలగలమంటుందని లోపల దూది పెట్టుకుంటున్నాడు. హాస్టల్లోగానీ కాలేజీలోగానీ ఈ జబ్బు కారణంగా చేర్చుకోం, ఉండనివ్వం అంటే 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అది నేరుగా వివక్షే. ఎవరైనా అలా అంటే మా సెంటర్‌కి రండి, లేదా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.