కంచెలు లేని పొలాలు, పబ్బులో కూర్చునే కోర్టు

ఇంగ్లండ్ పల్లెటూళ్ళ చరిత్ర చదవడం నాకు చాలా ఇష్టం, అందులోనూ లాక్స్టన్ గురించి ఎవరు అడిగినా అడక్కపోయినా చెబుతూనే ఉంటాను. నాటింగ్‌హామ్‌షైర్‌లో న్యూవార్క్‌కి ఉత్తరాన ఉంది. కొన్ని వందల మంది జనం, ఒక చర్చి, ఒక పబ్బు, నార్మన్ల కాలంలో కోట కట్టిన మట్టిదిబ్బ. పైపైన చూస్తే అంతే. కానీ ఊరు దాటి పొలాల వైపు వెళ్తే పెద్ద పెద్ద చేలు మూడు కనిపిస్తాయి: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. వీటి మధ్య కంచెల్లేవు, పొదల గోడల్లేవు. ఒక్కో చేనులో చాలామంది రైతుల భూమి పొడవాటి చెక్కలుగా పక్కపక్కనే ఉంటుంది, ఎవరి చెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్తవాళ్ళకి ఒక పట్టాన అర్థం కాదు.

మధ్యయుగాల్లో ఇంగ్లండ్ నడిమి ప్రాంతంలో చాలా ఊళ్ళు ఇలాగే సాగు చేసేవి. ఒక్కో రైతుకి భూమంతా ఒక్కచోట కాకుండా మూడు చేలల్లోనూ విడివిడి చెక్కలుగా ఉండటంతో మంచి నేలా, నీళ్ళు నిలిచే నేలా అందరికీ కాస్త కాస్త వచ్చేవి. ఒక చేనులో చలికాలం గోధుమ, ఇంకో చేనులో వసంతంలో వేసే పంట, మూడోది బీడు, మరుసటి ఏడు ఒక వంతు జరుగుతుంది. లాక్స్టన్‌లో ఈ మూడేళ్ళ చక్రం ఇప్పటికీ తిరుగుతోంది. బీడు వంతు వచ్చిన చేనులో మాత్రం ఈ కాలంలో మేతగడ్డి పెంచుతున్నారు.

మిగతా ఊళ్ళు ఏమయ్యాయంటే, ఉమ్మడి భూముల్ని పంచి కంచెలు వేయించే పార్లమెంటు చట్టాలు వాటిలో చాలావాటిని మింగేశాయి. 1604 నుంచి 1914 వరకు 5,200కి పైగా ఇలాంటి చట్టాలు వచ్చాయి, దాదాపు 68 లక్షల ఎకరాల ఉమ్మడి చేలూ పచ్చికబయళ్ళూ కంచెల్లోకి వెళ్ళిపోయాయి. పెద్ద రైతులు బాగుపడ్డారు, ఆవుని మేపుకునే హక్కు తప్ప ఇంకేమీ లేని పేదలకి ఆ హక్కు కూడా పోయింది. లాక్స్టన్‌లోనూ కొంత భూమికి కంచెలు పడ్డాయి, కానీ ఊళ్ళో భూమి ఇద్దరు పెద్ద భూస్వాముల మధ్య చీలి ఉండేది, వాళ్ళిద్దరికీ పొత్తు కుదరక మొత్తం పంపకం జరగలేదని చరిత్రకారులు చెబుతారు. పెద్దవాళ్ళ పేచీ వల్ల చిన్నవాళ్ళకి మేలు జరగడం చరిత్రలో అరుదు, అందుకే నాకీ ముక్క అంత నచ్చుతుంది.

అసలు నన్ను కట్టిపడేసేది ఇక్కడి కోర్టు. దాన్ని కోర్ట్ లీట్ అంటారు. నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో ఊరి రైతుల్లోంచి ఎంచిన జూరీ కొత్తగా గోధుమ వేసిన చేనుకి వెళ్తుంది. ట్రాక్టరు ట్రైలర్ ఎక్కి, గుంజలూ సుత్తులూ పట్టుకుని, ఆ చలిలో బురదలో ఒక్కో చెక్క హద్దు చూసుకుంటూ తిరుగుతారు. ఎవరైనా రెండు సాళ్ళు ఎక్కువ దున్ని దారిలోకో పక్కనున్న ఉమ్మడి గడ్డిలోకో వచ్చేస్తే, సరైన హద్దు దగ్గర గుంజ పాతి పేరు రాసుకుంటారు. వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుంటుంది. ఊరి భూములకి యజమాని అయిన ఎస్టేటు తరఫున స్టీవర్డ్, అంటే దాని వ్యవహారాలు చూసే అధికారి, నడిపిస్తాడు, తప్పు చేసినవాళ్ళకి జరిమానా వేస్తారు, వచ్చే ఏడాదికి కొత్త జూరీని ఎన్నుకుంటారు. జరిమానా కొద్ది పౌండ్లే, జేబుకి పెద్ద దెబ్బేమీ కాదు. కానీ ఊరందరి ముందు, ఏళ్ళ తరబడి పక్క చెక్కలో దున్నుతున్న మనిషి ముందు, తన పేరు చదువుతుంటే నిలబడాలి కదా, అసలు శిక్ష అదే. దేశమంతటా ఇలాంటి పాత కోర్టుల అధికారాలు తీసేసిన 1977 చట్టం కూడా లాక్స్టన్ కోర్టుని మినహాయించింది.

నా ఉద్దేశంలో ఈ ఊరి పొలాలు నిలబడింది ఏడాదికోసారి జరిగే ఈ తనిఖీ వల్లే. గోడ కట్టుకుంటే పక్కవాడితో మాట్లాడే పనుండదు. గోడ లేనిచోట మాట్లాడక తప్పదు, దారి ఎంత వెడల్పుండాలి, కాలవ ఎవరు బాగుచెయ్యాలి అన్నీ కలిసి తేల్చుకోవాలి. ఊరి కట్టుబడి కూడా అలాగే ఉంది. భూమి నలుమూలలా చెదిరి ఉంది కాబట్టి చాలామంది రైతులు పొలంలో ఇల్లు కట్టుకోలేదు, పాత రైతు ఇళ్ళూ కొట్టాలూ ఊరి వీధి వెంటే ఉన్నాయి. కంచెలు పడ్డ ఊళ్ళల్లో రైతులు ఒక్కొక్కరే తమ పొలాల మధ్యకి వెళ్ళిపోయారు. తప్పిపోయిన పశువుల్ని కట్టేసే బందెలదొడ్డి కూడా లాక్స్టన్‌లో ఉంది.

ఉమ్మడి గడ్డి అన్నాను కదా, వాటిని సైక్స్ అంటారు. దున్నడానికి వీల్లేని పల్లపు చారలు. ఏటా ఎండాకాలంలో ఆ గడ్డిని వేలం వేస్తారు. వాటిమీద ఎప్పుడూ నాగలి పడలేదు కాబట్టి మిగతా చోట్ల మాయమైన గడ్డిపూలు ఇంకా అక్కడ పూస్తున్నాయి, ప్రభుత్వం వాటికి రక్షణ కూడా ఇచ్చింది.

1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన ఊరి మ్యాపు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ప్రతి చెక్కా, ప్రతి ఇల్లూ గీశాడు, మధ్యమధ్యలో దున్నేవాళ్ళ, కోతకోసేవాళ్ళ, వేటగాళ్ళ చిన్న బొమ్మలు వేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెక్కల్ని కలిపి కొంచెం పెద్దవి చేశారు, అయినా ఆ మ్యాపు పట్టుకుని ఇప్పటికీ దారులు గుర్తుపట్టొచ్చు.

యాజమాన్యం మాత్రం చేతులు మారుతూ వచ్చింది. 1952లో ఎర్ల్ మాన్‌వర్స్ ఎస్టేటు నుంచి వ్యవసాయ శాఖ కొంది, 1981లో బ్రిటిష్ రాచరికం పేరిట ఉన్న భూముల్ని చూసే క్రౌన్ ఎస్టేట్ చేతికొచ్చింది, 2020లో మళ్ళీ ఆ మాన్‌వర్స్ వంశానికి చెందిన థోర్స్‌బీ ఎస్టేటుకే చేరింది. ఎవరు కొన్నా పాత పద్ధతిని కాపాడతామనే అన్నారు, అది సంతోషమే. నాకు టెన్షనంతా కౌలు రైతుల గురించి. చిన్న కమతం మీద ఇల్లు గడవడం ఇప్పుడు ఎక్కడైనా కష్టమే, పెద్ద యంత్రాలకి సన్నటి చెక్కలు అనువుగా ఉండవు. ఆ చేలల్లో సాగు చేసేవాళ్ళు తగ్గితే జూరీకి మనుషులు చాలరు, మ్యూజియంలో పెట్టినట్టు పొలాల్ని మాత్రం ఉంచుతామంటే కుదరదు. కౌళ్ళు యువ రైతులకి అందేలా ఉంచడం మీద ఎస్టేటు డబ్బు పెట్టాలి, సందర్శకుల కేంద్రం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.