పీఎంపీ ఆడిట్: ముందు ఫైలు, తర్వాతే దరఖాస్తు

"మీ దరఖాస్తు ఆడిట్‌కు ఎంపికైంది" అని, ప్రాజెక్టు మేనేజర్లకు పీఎంపీ సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) నుంచి మెయిల్ వస్తే చాలామందికి గుండె జారిపోతుంది. రాసినదాంట్లో ఏదో తప్పు పట్టుకున్నారని కంగారు పడతారు. అలాంటిదేమీ లేదు. ఆడిట్ అంటే రాసినవాటికి ఆధారాలు అడిగి సరిచూడటమే. అన్ని దరఖాస్తులూ ఆడిట్ పరిధిలోకే వస్తాయి, వాటిలో కొన్నింటిని ర్యాండమ్‌గా తీస్తారు, అంతే. కాగితాలు పంపడానికి 90 రోజులు ఇస్తారు. ఆ 90 రోజుల్లో నలిగిపోయేవాళ్లలో చాలామంది నిజమే రాసినవాళ్లు. ఆ నిజానికి ఆధారం ముందే దగ్గర పెట్టుకోకపోవడమే వాళ్ల ఇబ్బంది. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం సబ్మిట్ నొక్కకముందు చేసుకోవాల్సినవి.

ఆడిట్‌లో అడిగేవి మూడే: డిగ్రీ కాపీ, 35 గంటల శిక్షణ సర్టిఫికెట్, రాసిన ప్రతి ప్రాజెక్టుకూ దాన్ని దగ్గరగా చూసిన ఒకరి ధ్రువీకరణ. మొదటి రెండూ కాగితాలు, బీరువాలో వెతికితే దొరుకుతాయి. మూడోది మనుషులతో పని. ఆలస్యమంతా అక్కడే.

ఆ ధ్రువీకరణ ఎలా జరుగుతుందో తెలిస్తే దరఖాస్తు రాసే తీరే మారిపోతుంది. ప్రాజెక్టు గురించి మీరు రాసిన వివరం, మీరు వేసిన తేదీలు, మీ పాత్ర అన్నీ ఉన్నవి ఉన్నట్టు ధ్రువీకరించేవారి ముందుకు వెళతాయి. "ఇది నిజమే" అని వాళ్లు సంతకం పెట్టాలి. అంటే మీ పాత మేనేజరు చదివేది మీ వాక్యాలనే. కాబట్టి ప్రతి వాక్యాన్నీ ఆయన సంతకం కింద ఉండబోయే వాక్యంగా రాయండి. "నేను ప్రాజెక్టును నడిపాను" అని రాసిన చోట ఆయన "ఇతను మాడ్యూల్ లీడ్ కదా" అని ఆగిపోతే, ఆ కాగితం ఆయన టేబుల్ మీదే ఉండిపోతుంది. ఏ మాడ్యూలు, ఎంతమంది, ఏ నిర్ణయాలు మీవి అని తేల్చి రాస్తే ఆయన చదివి అక్కడికక్కడే సంతకం పెడతారు.

ఒక్కో ప్రాజెక్టుకు 200 నుంచి 500 పదాల వివరం రాయమంటారు. అందులో ఉండాల్సినవి ప్రాజెక్టు లక్ష్యం, మీ పాత్ర, బాధ్యతలు, చేతికి వచ్చిన ఫలితాలు, చివరికి ఏమైందన్నది. సపోర్టు పనిని ప్రాజెక్టుగా రాయడం దగ్గర మనవాళ్లు ఎక్కువగా దొరికిపోతుంటారు. "బ్యాంకు అప్లికేషన్‌కు రోజువారీ సపోర్టు చూశాను, టికెట్లు గడువులోగా మూయించాను, నెలనెలా రిపోర్టు ఇచ్చాను" అనేది ఆపరేషన్స్. దానికి మొదలూ లేదు, ముగింపూ లేదు. అదే క్లయింటు దగ్గర, అదే జట్టుతో జరిగిన ఇంకో పని చూడండి: "ఆ అప్లికేషన్‌ను పాత సర్వర్ల నుంచి క్లౌడ్‌కు మార్చే పని, 11 నెలలు, 14 మంది. పరిధి పత్రం రాసి క్లయింటు చేత ఒప్పించాను. షెడ్యూలు, రిస్కు రిజిస్టరు నా చేతిలో ఉండేవి. 2 విడతల్లో మార్పు జరిగింది, రెండో విడత ముందు డేటా సరిపోల్చడంలో వచ్చిన తేడాల వల్ల ప్రారంభ తేదీని 3 వారాలు జరపాల్సి వచ్చింది, ఆ మార్పు అభ్యర్థన నేనే నడిపాను." ఇది ప్రాజెక్టు. ఆలస్యమైన సంగతి రాయడానికి భయపడక్కర్లేదు. అలాంటి వివరం చూస్తే ధ్రువీకరించేవారికి కూడా ఆ రోజులు గుర్తొస్తాయి, సంతకానికి సందేహించరు.

దుబాయ్, దోహా సైట్లలో పనిచేసే సివిల్, మెకానికల్ ఇంజనీర్లకు ఈ గొడవ ఉండదు, వాళ్ల పనులు పుట్టుకతోనే ప్రాజెక్టులు. వాళ్లకు వచ్చే చిక్కు వేరు: కాంట్రాక్టరు, సబ్ కాంట్రాక్టరు, కన్సల్టెంటు ముగ్గురిలో ఎవరి తరఫున పనిచేశారో వివరంలో తేలదు. ఆ ఒక్కటీ మొదటి వాక్యంలోనే రాసేయండి.

ఎన్‌డీఏ (క్లయింటు వివరాలు బయటపెట్టకూడదన్న ఒప్పందం) ఉన్నచోట క్లయింటు పేరు వివరంలో పెట్టకండి. "యూరప్‌లోని ఒక రిటైల్ బ్యాంకు" అంటే చాలు. పేరు రాసేస్తే, ధ్రువీకరించాల్సిన వ్యక్తి కంపెనీ నిబంధనలకు భయపడి వెనక్కి తగ్గవచ్చు.

ఇక నెలల లెక్క. నాలుగేళ్ల డిగ్రీ లేదా దానికి సమానమైన చదువు ఉంటే 36 నెలల అనుభవం కావాలి. డిగ్రీ లేకపోతే 60 నెలలు. ఎన్నేళ్ల లోపు అనుభవం పనికొస్తుందన్నదానికీ హద్దు ఉంది. చాలాకాలం అది గత 8 ఏళ్లు, మారి ఉండవచ్చు. దరఖాస్తు చేసే రోజున పీఎంఐ సైటులో ఉన్న హ్యాండ్‌బుక్ దించుకుని ఆ అంకె సరిచూసుకోండి, స్నేహితుడు పంపిన పాత పీడీఎఫ్ మీద ఆధారపడొద్దు. పాత టెంప్లేట్లలో 4,500 గంటలు అనీ, ఒక్కో ప్రాసెస్ గ్రూపుకు ఇన్ని గంటలు అనీ కనిపిస్తుంది. ఆ పద్ధతి పోయింది.

ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చేసినా అది ఒక్క నెలే. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మొదటి ప్రాజెక్టు 2020 ఏప్రిల్ నుంచి 2021 సెప్టెంబరు వరకు, 18 నెలలు. రెండోది 2021 మే నుంచి 2022 జూలై వరకు, 15 నెలలు. కూడితే 33 అనిపిస్తుంది. కానీ 2021 మే నుంచి సెప్టెంబరు దాకా 5 నెలలు రెండింట్లోనూ ఉన్నాయి, కాబట్టి చేతికి వచ్చేది 28. మూడో ప్రాజెక్టు 2023 జనవరి నుంచి సెప్టెంబరు వరకు, 9 నెలలు. మొత్తం 37. గీత దాటినట్టే ఉంది. అయితే మూడో ప్రాజెక్టును ధ్రువీకరించాల్సిన వ్యక్తి స్పందించకపోతే? మళ్లీ 28కి పడిపోతారు. అందుకే 36 దగ్గర ఆగొద్దు. అన్నిటికంటే చిన్న ప్రాజెక్టు పోయినా 36 మిగిలేలా చూసుకోండి. అలాగని ఉన్నవన్నీ నింపేయకండి, ప్రతి ప్రాజెక్టుకూ ఒక సంతకం కావాలి. పెద్దవి, మీకు గట్టి మనిషి ఉన్నవి మూడు నాలుగు అయితే, రెండేసి నెలల తొమ్మిది ముక్కల కంటే ఎంతో మేలు.

గట్టి మనిషి అంటే ఎవరు? ముందు అప్పటి మేనేజరు లేదా సూపర్‌వైజరు. ఆయన దొరక్కపోతే క్లయింటు వైపు మనిషి, ప్రాజెక్టు స్పాన్సరు, ఆ పనిని దగ్గరగా చూసిన సహోద్యోగి కూడా చేయవచ్చు. మేనేజరు కంపెనీ మారిపోయినా ఇబ్బంది లేదు, ఆ ప్రాజెక్టు సమయంలో ఆయన ఎవరన్నదే ముఖ్యం. పాత ఆఫీసు మెయిల్ మాత్రం పనిచేయదు. కంపెనీలే కలిసిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2022 నవంబరులో ఎల్ అండ్ టీ ఇన్ఫోటెక్, మైండ్‌ట్రీ కలిసి ఎల్‌టీఐమైండ్‌ట్రీ అయ్యాయి. ఇలాంటి చోట పాత పేరుతో చేసిన ప్రాజెక్టుకు అప్పటి పేరే రాసి, ఇప్పటి పేరును వివరంలో ఒక వాక్యంలో చెప్పండి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉంది కదా అని హెచ్‌ఆర్ మీద ఆధారపడొద్దు. ఆ లెటర్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా ఉంటాయి గానీ మీరు ఏ ప్రాజెక్టు నడిపారో ఉండదు.

ఆ మనిషితో మాట్లాడాల్సింది దరఖాస్తు పంపకముందే. ఫోన్ చేసి, వెంటనే ఇలాంటి మెసేజీ పెడితే సరిపోతుంది:

"సార్, నమస్కారం. పీఎంపీకి దరఖాస్తు చేస్తున్నాను. 2021 మే నుంచి 2022 జూలై వరకు మీ దగ్గర చేసిన మైగ్రేషన్ ప్రాజెక్టును అందులో రాస్తున్నాను. నేను రాసిన వివరం జతచేశాను, తేదీలు గానీ నా పాత్ర గానీ మీకు వేరుగా గుర్తుంటే చెప్పండి, సరిచేస్తాను. ఆడిట్ వస్తే దీనిమీద మీ సంతకం అడుగుతారు. అందుకు ఏ మెయిల్ ఐడీ, ఏ ఫోన్ నంబరు ఇవ్వమంటారు?"

ఈ మెసేజీలో అసలైన మాట "సరిచేస్తాను" అన్నది. ఆయన "జూలై కాదయ్యా, జూన్‌లోనే అయిపోయింది" అంటే ఇప్పుడు మార్చుకోవచ్చు. దరఖాస్తు తెరిచాక నింపడానికి 90 రోజులు టైముంటుంది, సేవ్ చేసుకుంటూ ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. పంపేశాక, ఆడిట్ మొదలయ్యాక, అదే ఒక్క నెల తేడా పెద్ద తలనొప్పి.

డిగ్రీ విషయంలో ఏపీ, తెలంగాణ వాళ్లు చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ. బీటెక్ అయిపోయి పదేళ్లు దాటినా పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమోలతోనే నెట్టుకొస్తున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఉద్యోగానికి అవి సరిపోయాయి గనక ఒరిజినల్ డిగ్రీ జోలికి వెళ్లి ఉండరు. జేఎన్‌టీయూ అయినా, ఉస్మానియా అయినా, ఆంధ్రా యూనివర్సిటీ అయినా ఓడీకి అర్జీ పెట్టి, ఫీజు కట్టి, చేతికి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం ఆడిట్ గడువులో పెట్టుకోకండి. మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్లు తమ డిగ్రీని ఏ కోవలో చూస్తారో పీఎంఐ కస్టమర్ కేర్‌ను ముందే మెయిల్‌లో అడిగి, జవాబును ఫైల్లో ఉంచుకోండి. గల్ఫ్ వీసాకు చేయించినట్టు ఎంబసీ అటెస్టేషన్ ఏమీ అక్కర్లేదు, స్పష్టమైన కాపీ చాలు.

రెండోది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. డిగ్రీలో ఇంటిపేరు ఒక పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది, లేదా సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకు ఇంకో మెలిక. ఇవన్నీ మనకు మామూలే గానీ, అమెరికాలోని పీఎంఐ ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసేవారికి ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపించవచ్చు. పీఎంఐ ప్రొఫైల్లో పేరు పరీక్షరోజు చూపించే గుర్తింపు కార్డులో ఎలా ఉందో అలాగే పెట్టండి, పరీక్ష జరిపే పియర్సన్ వ్యూ సెంటరులో గేటు దగ్గర సరిచూసేది ఆ రెండింటినే. డిగ్రీలో పేరు వేరుగా ఉంటే, పాస్‌పోర్టు కాపీతో పాటు మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ గెజిట్ గానీ, దాంతో "ఈ రెండు పేర్లూ నావే, ఈ పొడి అక్షరానికి పూర్తి రూపం ఇది" అని ఒక పేజీ లేఖ తయారుగా ఉంచుకోండి.

35 గంటల సర్టిఫికెట్ సులువైనదే. మీ పేరు, కోర్సు పేరు, సంస్థ పేరు, ముగిసిన తేదీ, గంటలు ఈ ఐదూ దానిమీద ఉన్నాయా చూడండి. గంటలు లేని సర్టిఫికెట్ ఇస్తే సంస్థను అడిగి లెటర్ తీసుకోండి. దరఖాస్తు పంపే నాటికి కోర్సు పూర్తయి ఉండాలి. సొంతంగా పుస్తకం చదివిన గంటలు, యూట్యూబ్ చూసిన గంటలు లెక్కకు రావు. ఆన్‌లైన్ కోర్సు అయితే చివర్లో పరీక్ష ఉండాలి. పీఎంఐ వాళ్లదే మొదటి మెట్టు సర్టిఫికెట్ సీఏపీఎం ఉండి, దాని గడువు తీరకపోతే ఈ 35 గంటల గొడవే లేదు.

ఇవన్నీ సిద్ధంగా ఉన్నాక ఆడిట్ వస్తే చేయాల్సింది తక్కువే. నోటీసు చూసిన రోజే ధ్రువీకరించేవాళ్లందరికీ ఒకేసారి కబురు పెట్టండి, ఒకరి తర్వాత ఒకరికి కాదు. మెయిల్ జంక్ ఫోల్డరులో పడిందేమో చూడమని ఫోన్లోనే చెప్పండి, బ్యాంకులూ రక్షణరంగ సంస్థలూ బయటి లింకులను ఆపేస్తుంటాయి. మనవైపు దసరా, సంక్రాంతి, అమెరికాలో ఉన్న మేనేజర్లకు డిసెంబరు రెండో సగం, ఈ రోజులు లెక్కలో నుంచి ముందే తీసేయండి. సంతకమైన కాగితం వచ్చాక పేజీలన్నీ ఉన్నాయా, తేదీ వేశారా, సంతకం స్కాన్‌లో కనిపిస్తోందా చూసి అప్పుడే అప్‌లోడ్ చేయండి. కవరు మూత మీద సంతకం చేయించి కొరియరులో అమెరికాకు పంపాలని పాత పోస్టుల్లో కనిపిస్తుంది. అది ఒకప్పటి పద్ధతి. అన్నీ చేరాక సాధారణంగా 5 నుంచి 7 పనిదినాల్లో ఫలితం చెబుతారు. పరీక్ష రాయడానికి ఇచ్చే ఏడాది గడువు, అందులోని 3 అవకాశాలు ఆడిట్ అయ్యాకే మొదలవుతాయి, కాబట్టి ఆడిట్ వల్ల చదువుకునే రోజులేమీ పోవు.

ఒక హెచ్చరిక. "అప్లికేషన్ మేం నింపుతాం, ఆడిట్ గ్యారంటీ, సంతకాలు కూడా మావే" అనే మనుషులు ఉన్నారు. ఆ మాట అన్న చోట డబ్బు కట్టొద్దు. ర్యాండమ్ ఎంపికకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. అద్దె సంతకంతో గట్టెక్కినా, సర్టిఫికెట్ వచ్చిన తర్వాత కూడా ఆడిట్ చేసే హక్కు పీఎంఐకి ఉంది, అప్పుడు బయటపడితే సర్టిఫికెట్టే పోతుంది. అనుభవం చాలకపోతే ఇంకో ఆరు నెలలు ఆగి దరఖాస్తు చేయండి. ఆడిట్‌లో తప్పితే మళ్లీ దరఖాస్తుకు ఏడాది ఆగాలి, దానికంటే ఆ ఆరు నెలలే నయం.

పాసైన తర్వాత ఈ ఫైలు పారేయొద్దు. ప్రతి 3 ఏళ్లకూ 60 పీడీయూలు (వృత్తికి సంబంధించి నేర్చుకున్న గంటల లెక్క) చూపించి రెన్యూ చేసుకోవాలి, వాటికీ ఆడిట్ ఉంటుంది. ప్రతి వెబినార్ సర్టిఫికెట్టూ వచ్చిన రోజే అదే ఫోల్డరులో వేసి, ఆ మూడేళ్లు ముగిశాక కనీసం 18 నెలల దాకా ఉంచండి.