తొమ్మిది బుట్టలు, తొమ్మిదిమంది దాతలు

ఆరు నెలలుగా ఆఫీసు అయ్యాక నేను చేస్తున్న పని చందాలు అడగడం. వినాయక చవితికి కాదు, గుడికి కాదు, తెలుగు సంఘం ఉగాదికీ కాదు. డాలస్‌కి ఉత్తరాన మేముండే ఊళ్లో, వాగు పక్కన పిచ్చి చెట్లు మొలిచి ఖాళీగా పడున్న పార్కు స్థలంలో చిన్న డిస్క్ గోల్ఫ్ కోర్సు వేద్దామని. తొమ్మిది హోల్స్. స్థలం సిటీ ఇస్తానంది, గడ్డి కూడా వాళ్లే కోస్తారట, మిగతా ఖర్చంతా మా క్లబ్బుదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గోల్ఫ్ లాంటిదే, కానీ బంతి, కర్ర ఉండవు. ఫ్రిస్బీ కంటే చిన్నగా, అంచు పదునుగా ఉండే డిస్కుని విసురుతూ వెళ్లి, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్టలో వెయ్యాలి. విసిరే చోటు నుంచి బుట్ట దాకా ఒక హోల్ అన్నమాట. ఎన్ని తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. ఆ బుట్ట ఎడ్ హెడ్రిక్ అనే ఆయన బుర్రలోంచి పుట్టింది. ఫ్రిస్బీలు చేసే వామ్-ఓ కంపెనీలో పనిచేసినాయన. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి కోర్సు వేసినప్పుడు బుట్టలు లేవు, ఉత్త స్తంభాలే. డిస్కు తగిలిందా లేదా అని కొట్టుకోవడం ఎక్కువై గొలుసుల బుట్ట కనిపెట్టాడు. 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికలు కలిపి డిస్కులు చేశారు. మనం గోదావరిలో కలుపుతాం, వాళ్లు ప్లాస్టిక్‌లో కలిపారు, ఎవరి భక్తి వాళ్లది.

సరే, డబ్బు సంగతికొస్తాను. మంచి బుట్ట ఒక్కోటి నాలుగైదు వందల డాలర్లు. నిలబడి విసరడానికి అయిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు కాంక్రీటు అరుగు, దాన్ని టీ ప్యాడ్ అంటారు. పక్కన హోల్ మ్యాపుతో ఒక బోర్డు. అన్నీ కలిపి హోలుకి ఎనిమిది వందల దాకా లెక్క తేలింది.

మొదట మేం చేసిన తెలివితక్కువ పని ఈమెయిళ్లు పంపడం. ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని మూడు రకాల స్పాన్సర్‌షిప్పులు పెట్టి, ఆరు పేజీల పీడీఎఫ్ తయారుచేసి నలభై దుకాణాలకు పంపాం. ఒక్క జవాబొచ్చింది, అదీ "మేం సెలవులో ఉన్నాం" అని మెషీన్ పంపింది. ఊరూరా శాఖలున్న ఒక పెద్ద దుకాణానికి స్వయంగా వెళ్తే మేనేజరు చాలా మర్యాదగా హెడ్డాఫీసు ఫారం లింకు ఇచ్చి, చేతిలో పాతిక డాలర్ల గిఫ్టు కార్డు పెట్టి పంపాడు.

తరవాత నాకు మా ఊరి రామాలయంలో ఫ్యాన్లు గుర్తొచ్చాయి. రెక్క మీద ఎర్ర పెయింటుతో దాత పేరు, తండ్రి పేరు, ఊరు, ఫ్యాను తిరుగుతుంటే కనపడదు, కరెంటు పోయినప్పుడే చదువుకోవాలి. ట్యూబులైటు మీద, గంట మీద, మెట్టు మీద కూడా ఉంటాయి. "గుడికి చందా ఇవ్వండి" అంటే యాభై ఇచ్చేవాడు "మీ పేరు మీద ఒక ఫ్యాను" అంటే ఆ మధ్యాహ్నమే కొనిపెడతాడు. ప్లాటినం గోల్డు తీసిపారేశాను. ఒకే కాగితం, దాని మీద పార్కు మ్యాపు, తొమ్మిది నంబర్లు. "ఇది నాలుగో నంబరు, ఇక్కడ మీ బోర్డు, ఏడు వందల యాభై, ఎన్నేళ్లుంటే అన్నేళ్లు" అని చెప్పడం మొదలెట్టాను.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. రెస్టారెంటుకి మధ్యాహ్నం రెండున్నర తర్వాత, నాలుగు లోపు. ఒక బిర్యానీ రెస్టారెంటుకి మొదటిసారి బుద్ధిలేక శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి వెళ్లాను, ఓనరు నా వైపు కూడా చూడలేదు. రెండోసారి మంగళవారం వెళ్తే టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. వరంగల్ మనిషి.

"గోల్ఫ్ అంటే పైసలున్నోళ్లు ఆడేది గదా అన్నా, దానికి మళ్ల నా దగ్గర చందా ఏంది?"

ఈ ప్రశ్న నాకు ప్రతి దుకాణంలోనూ ఎదురైంది. గోల్ఫ్ అనే మాటే మాకు శత్రువు. డిస్కు పది పదిహేను డాలర్లకి దొరుకుతుందనీ, ఆడటానికి టికెట్ ఉండదనీ, ఎండాకాలం సెలవుల్లో పిల్లలు సైకిలేసుకుని వెళ్లి ఆడుకోవచ్చనీ చెప్పాను. నమ్మలేదు. సంచిలోంచి డిస్కు తీసి చేతికిచ్చాను, వెనక పార్కింగ్ లాట్‌లోకెళ్లి రెండు సార్లు విసిరి, మూడోది చెత్తడబ్బా వెనక పడ్డాక "మా పోరడు ఇడువడు దీన్ని" అన్నాడు. అప్పటికి వ్యాపారం మాట్లాడాడు, రోజుకి ఎంతమంది వస్తారని. దానికి నా దగ్గర జవాబుంది, పక్క ఊరి కోర్సు దగ్గర ఒక శనివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా కుర్చీ వేసుకుని లెక్కపెట్టాను, అరవై మందికి పైనే. ఆట అయ్యేసరికి అందరికీ ఆకలేస్తుంది కూడా.

అంతా ఒప్పుకున్నాక బోర్డు మీద "ఊళ్లో నంబర్ వన్ బిర్యానీ, 20 శాతం తగ్గింపు" అని వెయ్యమన్నాడు. ఇక్కడ చిన్న చిక్కుంది. మా క్లబ్బు లాభాపేక్ష లేని సంస్థ. స్పాన్సర్ ఇచ్చే డబ్బుని పన్ను శాఖ వ్యాపార ఆదాయంగా చూడకూడదంటే బోర్డు కృతజ్ఞతలా ఉండాలి తప్ప ప్రకటనలా ఉండకూడదు. పేరు, లోగో, అడ్రసు, ఫోన్ నంబరు వరకు ఫర్వాలేదు. ధరలు, "అందరికంటే బెస్టు", "వచ్చి తినండి" లాంటివి వేశామా, అది ప్రకటన కిందికి పోతుంది. ఇదంతా మా ట్రెజరరు, రిటైరైన అకౌంటెంటు, అమెరికనావిడ, నాకు రెండు సార్లు చెప్పింది. నేను ఆయనకి మూడు సార్లు చెప్పాను. "నంబర్ వన్ నిజమే గదా అన్నా!" అన్నాడు. నిజమైనా వెయ్యకూడదు. చివరికి నాలుగో నంబరు తీసుకున్నాడు, బిర్యానీ పొట్లం గుర్తుతో. మరి టాక్సులో ఎలా చూపించుకోవాలన్నాడు, మీ సీపీఏని, అంటే పన్ను లెక్కలు చూసే అకౌంటెంటుని, అడగండన్నాను. ఆ జోలికి మాత్రం మీరెవరూ వెళ్లకండి.

లిక్కర్ షాపాయన అడక్కుండానే ముందుకొచ్చాడు కానీ మా సిటీ పార్కుల్లో మద్యం, పొగాకు పేర్లు కనపడకూడదు. ఆయన చెక్కు రాసిచ్చి, బోర్డు అక్కర్లేదు పొమ్మన్నాడు. నాకు ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంది.

అసలు పెద్ద సాయం మాత్రం డబ్బు రూపంలో రాలేదు. కాంక్రీటు బస్తాలు కొని మేమే కలుపుకుందాం అనుకున్నాం. ఎనభై పౌన్ల బస్తా కలిపితే వచ్చేది 0.6 ఘనపుటడుగులు. నాలుగంగుళాల మందంతో మా అరుగుకి ఇరవై ఘనపుటడుగులు కావాలి, అంటే అరుగుకి 34 బస్తాలు, తొమ్మిదింటికి మూడొందలు పైన. ఐటీ ఉద్యోగుల నడుములతో అయ్యే పనేనా? మెక్సికో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక కాంక్రీటు మేస్త్రి నా లెక్కల కాగితం చూసి నవ్వాడు. మొత్తం ఏడు ఘనపు గజాల లోపే, ఒక్క లారీలో వస్తుంది, లారీకి మీరు కట్టండి, శనివారం నా మనుషుల్ని తీసుకొస్తా అన్నాడు. లారీ మెత్తటి నేలలోకి రాదు కాబట్టి వాగు వైపు అరుగులకి తోపుడు బండ్లతో మోయాలట, ఆ మోతకి మేమున్నాం. వాళ్లబ్బాయి ఈ ఆట ఆడతాడు, అందుకే ఇదంతా. డబ్బే అడిగుంటే వంద డాలర్లిచ్చి పంపేవాడేమో.

మనవాళ్ల దగ్గర ఇంకో దారి కూడా ఉంది. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. ఆ ఫారం నింపడానికి అయిదు నిమిషాలు పడుతుంది, నింపించడానికి నాకు అయిదు ఫోన్లు పడతాయి. యాభై ఇచ్చినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి నింపండి.

పోయిన ఆదివారం స్థలంలో జెండాలు పాతుతుంటే, కూతురి దగ్గరికి గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు నడక ఆపి ఇదేంటని అడిగారు. అంతా విన్నారు. "బానే ఉంది గానీ బాబూ, ఇంత దూరం తిరిగేవాళ్లు కూర్చోడానికి ఒక్క బల్లన్నా లేదేంటయ్యా?" అన్నారు. నిజంగానే మా ప్లానులో బల్ల లేదు, ఆరు నెలల మీటింగుల్లో ఎవరికీ తట్టలేదు. మర్నాడు వాళ్లమ్మాయితో కవరు పంపారు, నూట పదహారు డాలర్లు, పైన "బల్లకి" అని రాసుంది. పేరు మాత్రం రాయలేదు.

ఇప్పటికి ఏడు హోల్స్‌కి దాతలున్నారు. మూడోది, ఏడోది మిగిలాయి. మూడోది తిన్నగా ఉండే సులువైన హోల్, ఎవరో ఒకరు తీసుకుంటారు. ఏడోది వాగు దాటించి విసరాలి, సగం డిస్కులు నీళ్లలో పడతాయి, పడ్డ ప్రతివాడూ ముందు తిట్టేది ఎదురుగా ఉన్న బోర్డునే. వచ్చే బుధవారం పళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాను. మూడోది అడుగుతాను. ఏడోది అంటగట్టే ధైర్యం ఇంకా రాలేదు.