విష్ణు రాయి దాకా వెళ్ళలేదు

చిన్నోడు ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకున్నాడు. మా ఆయన గురక ఎప్పుడో మొదలైంది. నాకే నిద్ర పట్టట్లేదు. మా ట్రిప్పు నడిపించే లీడర్ గారి మీద కోపం ఇంకా దిగలేదు మరి.

ఆయన సంగతి మీకు తెలిసిందే, ఎక్సెల్ షీట్ లేనిదే కాఫీకి కూడా లేవరు. ఈసారి షీట్లో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు గట్టుకి (సౌత్ రిమ్) రాసింది గంటన్నర. అదీ ఫొటోలతో కలిపి. 446 కిలోమీటర్ల పొడవున్న లోయకి!

మేథర్ పాయింట్ దగ్గర రెయిలింగ్ పట్టుకుని చూస్తే మొదట ఏమీ అనిపించలేదు, నిజం. మైలు పైన లోతు. అవతలి గట్టు ఎంతో దూరంలో, నీలంగా, గీసిపెట్టినట్టు ఉంది. కన్ను ఎక్కడ ఆనాలో తెలీలేదు. కాస్త నిలబడితే ఆనేదేమో. ఈలోపు ఫొటోలు. జంటలు, పిల్లలు, ఆడవాళ్ళు విడిగా, మగవాళ్ళు విడిగా, మళ్ళీ అందరూ కలిసి, ఎవరో కళ్ళు మూశారని ఇంకోసారి.

యావపాయ్ మ్యూజియం దగ్గర 'ట్రైల్ ఆఫ్ టైమ్' మొదలవుతుంది. గట్టు వెంబడి బాటలో మీటరుకో కంచు బిళ్ళ. ఒక్కో బిళ్ళకీ పది లక్షల ఏళ్ళు. పక్కన అక్కడక్కడా ఆ కాలపు రాయి పెట్టారు, ముట్టుకుని చూడొచ్చు. చిన్నోడు అంగలు వేస్తూ లెక్క మొదలుపెట్టాడు. నది ఈ లోయని కోసింది మొదటి అయిదారు అంగల్లోనేనట. మనం నిలబడ్డ పైగట్టు సున్నపురాయి 270వ బిళ్ళ దగ్గర వచ్చింది. అడుగున నల్లగా కనబడే 'విష్ణు షిస్ట్' అనే రాయి 1,750 దగ్గర్లో. "అమ్మా, విష్ణు రాయి దాకా వెళ్దాం" అన్నాడు. మూడొందలు దాటామో లేదో లీడర్ గారి ఫోను.

"రామ్మా, రాళ్ళు ఎక్కడికీ పోవు. పులిహోర పాడైపోతుంది."

ఎంత ఒళ్ళు మండిందంటే, వ్యాన్లో గండికోట గుర్తు చేసుకుంటూ కూర్చున్నా. నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు నాన్న మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. మసీదూ ధాన్యాగారమూ గబగబా చూపించేసి, పెన్నా లోయ అంచున ఎర్ర బండ మీద చతికిలబడ్డాడు. ఇక లేవడే. కింద నీళ్ళు సన్నగా, ఎదురుగా రాళ్ళు పేర్చినట్టు నిలువు గోడ. నేనూ పక్కనే బోర్లా పడుకుని తల బయటికి పెట్టి చూశాను, నాన్న నా కాళ్ళు పట్టుకున్నాడు. పొద్దు గుంకేదాకా అంతే. ఆఖరి బస్సు పోయింది. నాపరాళ్ళ లారీ ఒకటి దొరికితే నాన్నా నేనూ బండల మీద కూర్చుని జమ్మలమడుగు చేరాం. ఆ బండలు రాత్రి కూడా వెచ్చగా ఉన్నాయి.

ఈ కథ ఇక్కడ ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా నాన్న హీరో.

అమ్మ ఆ లారీ క్యాబిన్లో ఉంది, ఒళ్ళో జ్వరంతో తమ్ముడు. సాయంత్రం నుంచీ "పోదాం పాండి" అంటూనే ఉంది. ఇంటికొచ్చాక చాలా రోజులు నాన్నతో మాట్లాడలేదు. ఈ ముక్క నా కథలో ఎప్పుడూ ఉండదు. ఆ రోజు మాతో లీడర్ గారు ఉండుంటే అమ్మ ఆయనకి రెండు పూటలా వండిపెట్టేది. పైగా మా వ్యాన్లో ఇద్దరు షుగరు పేషెంట్లు, ఒక చంటిది. పన్నెండున్నరకి అందరికీ అన్నం అందిందంటే అది ఆ షీట్ పుణ్యమే.

సరే, తొందరపెట్టినందుకు కాదు నా కోపం. ఇప్పుడు గ్రూపులో వచ్చిన ఫొటోలన్నీ చూశా. అన్నిట్లోనూ మా వీపులు లోయ వైపే! అంతసేపు ఫొటోలకి పోయింది, పిల్లాడి రాయికి టైము లేదు. దీనికి మాత్రం క్షమించను. లీడర్ గారినొక్కణ్ణే అనడం దేనికి, కళ్ళు మూశారని రెండోసారి తీయించింది మా ఆయనే.

మళ్ళీ లీడర్ గారి మెసేజ్. రేపు యాంటెలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయ. దారి నవాహో అనే ఇక్కడి ఆదివాసుల నేల మీదుగా. ఈ అరిజోనా రాష్ట్రంలో వేసవికి గడియారం మార్చరు, నవాహోలు మారుస్తారు, ఫోన్లు దారిలో గంట ముందుకి దూకుతాయి. టూరు వాళ్ళది అరిజోనా టైమే. "ఫోన్లు నమ్మకండి, నా చేతి వాచీయే ప్రమాణం" అని రాశారు, ఈ అర్ధరాత్రి వేళ. పాపం, బాగానే టెన్షన్ పడుతున్నట్టున్నారు. బొటనవేలు గుర్తు పెట్టాను. నవ్వు బొమ్మ మాత్రం పెట్టలేదు.