గుర్రం లేని పందెం

పోయిన నెలలో ఒక సాయంత్రం మా అక్క కొడుకు షాపుకొచ్చాడు. నేను బోరు మోటరు ఒకటి విప్పి, కాలిపోయిన వైండింగ్ పీకుతున్నాను. వాడు స్టూలు మీద కూర్చుని ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "మామా, మూడు కొట్టాలా, ఐదు కొట్టాలా? తొందరగా చెప్పు, ఒక్క నిమిషమే ఉంది" అన్నాడు.

రేసులంటే నాకు ప్రాణమని మా ఇంట్లో అందరికీ తెలుసు. మేనల్లుడికి కూడా ఆ ఇష్టం వచ్చిందనుకుని, చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాను. బరువులెంత, స్వారీ చేసే జాకీ ఎవరు, కిందటిసారి ఎక్కడ పరిగెత్తింది అని వెతికాను. ఏమీ లేవు. ఎనిమిది రంగుల చొక్కాలు, ఎనిమిది నంబర్లు, అంతే. గుర్రాలన్నీ ఒకే ఎత్తు. అన్నీ ఒకే తీరుగా కాళ్లు వేస్తున్నాయి. దేనికీ చెమట లేదు, ఏదీ తల విదల్చడం లేదు. అవి కంప్యూటర్ గీసిన బొమ్మలని అప్పుడు తెలిసింది. కొన్ని నిమిషాలకొక రేసు, రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయట.

"ఇప్పటిదాకా ఎంత పోయిందిరా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, పద్దెనిమిది వేలని. వాడి జీతం నెలకు పన్నెండు వేలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయిన బాధ ఒకటైతే, ప్రపంచంలో ఎక్కడా ఊపిరి పీల్చని గుర్రం మీద మా ఇంటి పిల్లవాడు డబ్బు పెట్టాడన్న బాధ ఇంకొకటి. మూడు తరాలుగా గుర్రంతో ముడిపడ్డ ఇల్లు మాది.

మాది కర్నూలు పాత ఊరు. మా అబ్బ, అంటే తాత, జట్కా తోలేవాడు. రైల్వే స్టేషన్ నుంచి కొండారెడ్డి బురుజు మీదుగా పెద్ద మార్కెట్ దాకా ఆయన బండి తిరిగేది. సాయంత్రం ఇంటికి రాగానే గుర్రానికి ఉడికించిన ఉలవలు పెట్టనిదే తను ముద్ద ముట్టేవాడు కాదట. అది తిన్నాక ఒక్కో కాలు ఎత్తి తన మోకాళ్ల మధ్య పెట్టుకుని, వంకీ ఇనుముతో గిట్టలో ఇరుక్కున్న కంకర తీసేవాడు. లాడం కదులుతోందేమో చూసేవాడు. ఆఖరున అరచేయి తిప్పి, చేతి వెనక భాగాన్ని గిట్ట పైనుంచి మోకాలి దాకా మెల్లగా ఆనించుకుంటూ పోయేవాడు. ఒక కాలు మిగతా మూడింటికన్నా వేడిగా తగిలితే మర్నాడు బండి కట్టేవాడు కాదు. ఆ రోజు ఇంట్లో రూపాయి రాకపోయినా సరే.

మా నాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. పాస్ ఉండేది కాబట్టి సీజన్‌లో నెలకొకసారి హైదరాబాద్ పోయేవాడు. 210 కిలోమీటర్ల పైచిలుకు దారి. తెల్లవారుజామున బస్సెక్కితే రేసులు మొదలయ్యే లోపే మలక్‌పేట చేరేవాళ్లం. హైదరాబాద్‌లో రేసులు మొదట మౌలాలీలో జరిగేవని, 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మలక్‌పేటకు మార్పించాడని నాయనే నాకు చెప్పాడు. నన్ను మొదటిసారి తీసుకుపోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అందరూ టికెట్ల కిటికీల వైపు ఉరుకుతుంటే, ఆయన నా చేయి పట్టుకుని పాడక్ దగ్గరికి నడిచాడు. రేసుకు ముందు సైసులు, అంటే గుర్రాల్ని చూసుకునేవాళ్లు, వాటిని గుండ్రంగా తిప్పే చోటు అది.

"నంబర్ చూడొద్దు, అడుగు చూడు" అన్నాడు. ముందు కాలు లేచిన చోటనే, లేదంటే దాన్ని దాటి, వెనక గిట్ట పడాలి. అలా పడితే ఒళ్లు వదులుగా, హుషారుగా ఉన్నట్టు. తక్కువ పడితే ఎక్కడో పట్టేసినట్టు. మెడ మీద కాస్త చెమట పరవాలేదు. వెనక తొడల మధ్య తెల్లటి నురగ కడితే, ఆ గుర్రం పరిగెత్తకముందే సగం బలం ఖర్చు పెట్టేసిందని అర్థం. చెవులు ముందుకు నిలబెట్టి అటూ ఇటూ తిప్పుతోందా, వెనక్కి అణిచిపెట్టుకుందా చూడాలి. అది ఎప్పుడూ అంతేనా, ఈరోజే అలా ఉందా అన్నది తెలియాలంటే కిందటిసారి కూడా చూసి ఉండాలి. అందుకే ఆయన నోటుబుక్కు పెట్టుకునేవాడు.

గుర్రం కాలి గురించి తెలిసినవాళ్లకు ఈ తిప్పలు అర్థమవుతాయి. థరోబ్రెడ్ అనే రేసు జాతి గుర్రం దాదాపు 450, 500 కిలోలు ఉంటుంది. మోకాలి కింద కండ ఉండదు, ఎముక, తాళ్లలాంటి స్నాయువులు, తోలు అంతే. ఆ సన్నని కాళ్ల మీదే అంత బరువు అంత వేగంతో పడుతుంది.

బరువుల లెక్క దగ్గర నాయన ఇంకా ఎక్కువసేపు ఆగేవాడు. హ్యాండిక్యాప్ రేసులో ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది. ఒక్క పాయింటు తేడాకు వీపు మీద అర కిలో తేడా. బాగా గెలిచే గుర్రం 60 కిలోలు మోస్తుంటే, పక్కన ఓడిపోతూ వచ్చింది 51 కిలోలతో బయల్దేరుతుంది. జాకీ, జీను కలిపి ఆ బరువు రాకపోతే సీసపు పలకలు పెడతారు. రేసు అయ్యాక మళ్లీ తూకం వేస్తారు, తగ్గితే గెలిచిన గుర్రం గెలవనట్టే. స్వారీ నేర్చుకుంటున్న అప్రెంటిస్ కుర్రాడు ఎక్కితే కొన్ని కిలోలు తగ్గిస్తారు. వాన పడితే ట్రాక్ ఎంత మెత్తబడిందో పెనెట్రోమీటర్‌తో కొలిచి అంకె వేస్తారు. తడి నేలలో ఆ అర కిలో ఇంకా బరువెక్కుతుంది. డెర్బీ అనే పెద్ద రేసుల్లో మాత్రం ఈ లెక్క ఉండదు. అందరికీ ఒకే బరువు, ఆడ గుర్రాలకు కాస్త తగ్గింపు. అక్కడ అసలు సత్తా బయటపడుతుంది. 1973లో అమెరికాలో సెక్రటేరియట్ అనే గుర్రం అలాంటి సమాన బరువుల రేసులోనే, బెల్మాంట్‌లో, 31 లెంగ్తుల తేడాతో గెలిచింది, ఒక లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు. వెనక వచ్చే గుర్రం ఎక్కడో దూరాన ఉండిపోయింది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాయన గొంతు మారిపోయేది.

వయసు సంగతి మా రాయలసీమవాళ్లకు ఇట్టే ఎక్కుతుంది. మన తిరునాళ్లలో బండలాగుడు పోటీల్లో ఎద్దుల్ని పళ్లు చూసి విడదీస్తారు కదా, పాలపళ్లవి ఒక జత, రెండు పళ్లవి ఒక జత అని. రేసు గుర్రాలకు అలా కాదు. ఎప్పుడు పుట్టినా జనవరి 1న అన్నిటికీ ఒక ఏడు పెరిగినట్టే లెక్క. జనవరిలో పుట్టిందీ ఏప్రిల్‌లో పుట్టిందీ ఒకే వయసు కింద పరిగెడతాయి. చిన్న వయసులో ఆ మూణ్నాలుగు నెలలే పెద్ద తేడా. పుట్టిన తేదీ చూడకుండా కుర్ర గుర్రాల రేసు గురించి మాట్లాడేవాళ్లను నాయన దగ్గరకు రానిచ్చేవాడు కాదు.

ఆయన నోటుబుక్కులు పదిహేడు ఉండేవి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. మలక్‌పేటలో డెక్కన్ డెర్బీ కూడా గాంధీ జయంతి నాడే పెట్టడం ఆనవాయితీ. ఏటా ఆ రోజు రేడియో పక్కన, తర్వాత టీవీ పక్కన కూర్చునే మనిషి, ఆ ఏడు మిద్దె మీద తడి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నీళ్లు తగ్గాక కింద గదిలో పెట్టె తెరిస్తే పుస్తకాలన్నీ ఒకే బురద ముద్ద అయిపోయాయి. విడదీద్దామని పట్టుకుంటే చేతిలోనే విరిగిపోయాయి. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి వానాకాలం సీజన్‌కు నాకు ఒక కొత్త నోటుబుక్కు కొనిచ్చాడు. ఇప్పుడు నా దగ్గర తొమ్మిది ఉన్నాయి, అటక మీద, ప్లాస్టిక్ డబ్బాలో.

శనివారాలు రాజ్‌విహార్ దగ్గర టీ కొట్టులో మేం నలుగురం కలుస్తాం. టైలర్ భాయ్‌కి జాకీయే ముఖ్యం. పెసీ ష్రాఫ్ స్వారీ చేసిన రోజుల నుంచి, ఆయన ట్రైనర్ అయ్యాక కూడా, భాయ్ ఆ పేరు ఉన్న వైపే ఉంటాడు. ఇప్పుడు జాకీ సూరజ్ నర్రెడు పేరు రేసు కార్డులో కనబడితే మిగతా కాలమ్‌లు చదవడు. బ్యాంకులో రిటైరైన సార్‌కు టైమింగులు కావాలి. నాది కాళ్ల లెక్క. లారీ ఆఫీసు పెద్దాయన పందెం కట్టడు, మా వాదన వినడానికే వస్తాడు.

కొన్నాళ్లుగా మా నలుగురి మాటల్లో గుర్రం తక్కువ, పన్ను ఎక్కువ అయిపోయింది. పందెం టికెట్ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 అయింది. గెలిచిన దాని మీద కాదు, కట్టిన మొత్తం మీద. ఆ పైన గెలుపు పదివేలు దాటితే 30 శాతం టీడీఎస్. క్యాసినో, లాటరీ, గుర్రప్పందెం అన్నీ ఒకే గంపలో వేశారు. 1996 జనవరి 12న, మద్రాస్ రేస్ క్లబ్ కేసులో, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గుర్రం పుట్టుక, శిక్షణ, జాకీ చేతివాటం, చూసేవాడి అంచనా, వీటన్నిటికీ విలువ ఉందని ఒప్పుకున్న తీర్పు అది. లాటరీ టికెట్‌కు పాడక్ ఉంటుందా? దాని అడుగు చూసి ఏమైనా తెలుస్తుందా? రెంటికీ ఒకే పన్ను వేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

"పందెం పందెమేనప్పా, ఎన్ని ఇళ్లు కూలినాయో నేను చూసినా" అంటాడు లారీ ఆఫీసు పెద్దాయన. ఆ మాటకు నేను ఎదురు చెప్పను. కూలిన ఇళ్లు నేనూ చూశాను. నాయనకు ఒక కట్టుబాటు ఉండేది. పాడక్‌లో గుర్రాన్ని కళ్లారా చూడకుండా టికెట్ కొనడు, రోజుకు ఒకటి మించి కొనడు. చాలాసార్లు ఒకటి కూడా కొనకుండా వచ్చేసేవాళ్లం. అలాంటి రోజు ఆయన మొహంలో లోటేమీ కనబడేది కాదు.

నా భయం వేరే. రేస్ కోర్సుకు పోయి, ఎండలో నిలబడి, పన్ను కట్టి టికెట్ కొనేవాడికి భారం పెరుగుతుంటే, ఫోన్లో బొమ్మ గుర్రం మాత్రం గడప దాటకుండా దొరుకుతోంది. మన రాష్ట్రంలో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలు నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా ఒకటి మూస్తే ఇంకో పేరుతో లింకు వస్తోందని మావాడే చూపించాడు. అటు నిజమైన రేస్ కోర్సులకేమో చోటు పోతోంది. 2024 సెప్టెంబర్‌లో చెన్నై గిండీలో 160 ఎకరాలను తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకుని సీలు వేసింది. ముంబై మహాలక్ష్మిలో 211 ఎకరాల్లో 120 పార్కుకు ఇచ్చేలా ఒప్పందం అయింది. పార్కు మంచిదే, కాదనను. కానీ ఒక్కో కోర్సు తగ్గేకొద్దీ, సైసులు, లాడాలు కొట్టేవాళ్లు, గుర్రం కాలు పట్టి చూడగలిగే చేతులు కూడా తగ్గిపోతాయి. ఆ చేతుల గురించి నేను చదివిన ఏ వార్తలోనూ ఒక్క ముక్క రాయలేదు.

మావాడిని తిట్టలేదు. వాడి ఎదురుగానే ఆ యాప్ తీసేయించి, రేసులున్న రోజు చూసి మలక్‌పేట తీసుకుపోయాను. టికెట్ కొనేది లేదని ముందే చెప్పాను. ఇమ్లీబన్ బస్టాండులో దిగి, చాయ్ తాగి, నేరుగా పాడక్ దగ్గర కంచెకు ఆనుకుని నిలబడ్డాం. నేనేమీ చెప్పలేదు. వాడు మొదట ఫోన్ తీసి ఫొటోలు తీశాడు. ఒక గుర్రం మా ముందే ఆగి గట్టిగా ముక్కు చీదింది, తుంపర వాడి చొక్కా మీద పడింది. వెనక్కి ఒక అడుగు వేశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. దాని మెడ మీద నరం కొట్టుకోవడం అంత దగ్గరగా కనబడుతోంది.

రెండు చుట్లు తిరిగాక, "మామా, ఆ నల్లది చూడు, చెవులు వెనక్కి పెట్టింది. దానికి ఇష్టం లేనట్టుంది" అన్నాడు. మైక్ మోగినప్పుడల్లా అది ఒళ్లు బిగబట్టుకుంటోంది. సైసు దాని చెంప మీద చేయి వేసి ఏదో చెబుతున్నాడు.

రేసుకు రైలింగ్ దగ్గర నిలబడ్డాం. గుర్రాలు మలుపు తిరిగి దగ్గరికొచ్చే ముందే ఆ అదురు అరికాళ్లకు తెలిసింది. వాడు నా భుజం పట్టుకున్నాడు. గిట్టల కింద నుంచి మట్టిపెళ్లలు లేచాయి. కళ్లు మూసి తెరిచే లోపు దాటిపోయాయి, వాటి రొప్పు మాత్రం ఇంకా వినబడుతోంది. నల్లది చివరి నుంచి రెండోది. దాని జాకీ ఆఖరి వంద మీటర్లలో కొరడా ఎత్తలేదు, అది నాకు నచ్చింది, నోటుబుక్కులో రాసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో వాడు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి బస్సు ఎక్కుతుండగా, "మామా, ఈ రాత్రికి దాని కాళ్లు ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

"పొద్దున చెంప నిమిరాడే, ఆ సైసు" అన్నాను.