కట్టె ఉబ్బే కాలం

1983లో నేను వరంగల్ ఆర్.ఈ.సి.లో (ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో) చేరిన కొత్తలో, మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ వడ్రంగి వర్క్‌షాపు తప్పనిసరి. టేకు ముక్కలు రెండింటిని చిత్రిక పట్టి, ఉలితో సగం మందం తొలిచి, ఒకదానిలో మరొకటి కూర్చోబెట్టే హాఫ్‌ల్యాప్ అతుకును నేను సుత్తితో మోది మరీ బిగించాను. మేస్త్రీ దాన్ని చేతిలో తిప్పి చూసి, "కట్టె కోసినంక గూడ వానకాలం ఉబ్బుతది, ఎండకాలం గుంజుకుపోతది బిడ్డా, గది తెల్వకుంట బిగిస్తే పలుగుతది" అన్నాడు. పదికి నాలుగు మార్కులు వచ్చాయి.

ఆ వేసవి సెలవుల్లో, సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈ.ఎం.ఈ. విభాగంలో పనిచేసే మా మేనమామ నన్ను హుస్సేన్‌సాగర్‌కు తీసుకువెళ్ళి తెరచాప పడవ ఎక్కించాడు. భద్రకాళి చెరువులో జాలరుల తెప్పలు తప్ప మరేమీ ఎరుగని నాకు, నీలిరంగు తెరచాపలతో నిలిచిన ఆ ప్లైవుడ్ పడవ కళ్ళు చెదరగొట్టింది. దాన్ని ఎంటర్‌ప్రైజ్ అంటారు; జాక్ హోల్ట్ అనే ఆంగ్లేయుడు 1956లో రూపొందించిన, పదమూడు అడుగులకు కాస్త పైబడిన, ఇద్దరు నడిపే పడవ. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు పోజాలదనీ, ఒకసారి కుడివైపు, మరొకసారి ఎడమవైపు ఏటవాలుగా సాగుతూ గాలి వచ్చే దిక్కుకే చేరుకోవాలనీ మామయ్య చెప్పాడు. మలుపు తిప్పేటప్పుడు తల వంచమని కూడా చెప్పాడు గానీ అది నేను వినిపించుకోలేదు. తెరచాప అడుగుకర్ర తలకు తగిలింది, పడవ బోర్లాపడింది. నేను మింగిన నీటి సంగతి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

2000లో ఉద్యోగరీత్యా లండన్ వెళ్ళినప్పుడు గ్రీనిచ్‌లోని సముద్రయాన మ్యూజియంలో 'సుహైలీ'ని చూశాను. ముప్పై రెండు అడుగుల ఈ టేకు పడవను 1960లలో బొంబాయిలో మన వడ్రంగులు బాడిసలతో, చేత్తో తిప్పి రంధ్రాలు చేసే బర్మాలతో నిర్మించారు. ఆంగ్ల నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అందులో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, 312 రోజుల్లో భూమిని చుట్టి 1969 ఏప్రిల్ 22న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవుకు తిరిగి చేరాడు. అలా ఒంటరిగా భూమిని చుట్టే పోటీకి బయలుదేరిన తొమ్మిది మందిలో యాత్ర పూర్తిచేసింది ఆయనొక్కడే. దారిలో అడుగు పలకల సందు తెరుచుకొని నీరు కారితే, అట్లాంటిక్‌లో మునిగి గుడ్డపట్టీ కొట్టి, దానిపై రాగిరేకు బిగించాడట. పక్కనున్నవారు ఆ సాహసానికి అబ్బురపడుతుంటే, నేను మాత్రం పలకల అతుకుల మీదే చూపు నిలిపి, మా మేస్త్రీ అయితే ఎన్ని మార్కులు వేసేవాడో అనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత ఆ పడవను అక్కడి నుంచి తీసివేశారని తెలిసింది. గది లోపలి పొడిగాలికి దాని పలకలు ముడుచుకుపోతున్నాయని గమనించిన నాక్స్-జాన్‌స్టనే, 2002లో దాన్ని బయటికి తెచ్చి మళ్ళీ మరమ్మతు చేయించాడు. చెక్క పడవ నీటిలో ఉన్నంతకాలం పలకలు ఉబ్బి, ఒకదానినొకటి నొక్కుకొని సందులు మూసుకుంటాయి. ఒడ్డున ఆరబెడితే అవే తెరుచుకుంటాయి. ఫైబర్‌గ్లాస్ పడవలకు ఈ బాధ లేదు. అవి చవక, తేలిక, వేగం. నేనూ వాటిని నడిపాను, కానీ ఒక్కదాని పక్కన కూడా ఆగి చేత్తో తడమాలనిపించలేదు.

నాలుగు మార్కుల ఆ అతుకు ఇప్పుడు హనుమకొండలో మా ఇంటి బల్లమీద ఉంది. మే నెలలో దాని సందులో పోస్టుకార్డు దూరుతుంది, శ్రావణం వచ్చేసరికి దూరదు.