చుట్టుచూపు పోయినవారికి దారి ఎవరు చెబుతారు?

అత్తయ్యగారు కంటి పరీక్ష చార్టులోని చిన్న అక్షరాలను కూడా తడుముకోకుండా చదివేస్తారు, కాని గడప పక్కన ఉన్న పీట ఆమెకు కనిపించదు. నీటికాసుల జబ్బు (గ్లాకోమా) ముందుగా చుట్టుచూపునే, అంటే పక్కల ఉన్నవాటిని పట్టే చూపునే, తీసుకుపోతుంది. పోయినదాన్ని చుక్కల మందుగాని ఆపరేషనుగాని తిరిగి తేలేవు, మిగిలినదాన్ని నిలపడానికే అవి పనికివస్తాయి. ఈరోజు వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం గురించి అడిగితే, కౌంటరులోని వ్యక్తి "అక్షరాలన్నీ చదువుతున్నారు కదమ్మా, ఈవిడకెందుకు వస్తుంది?" అని ఆమె ఎదుటే తేల్చేశాడు. దృష్టిక్షేత్రం, అంటే చూపు నిలిపినప్పుడు కంటికి అందే మేర, 40 డిగ్రీలకంటే తగ్గినవారిని కూడా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అల్పదృష్టి కింద చేర్చిందని నేను చదివి ఉన్నాను కనుక గట్టిగా చెప్పగలిగాను. చదవనివారు ఆ ఒక్క మాటతోనే ఇంటికి వెళ్లిపోతారన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అంతకంటే పెద్ద బాధ ఆసుపత్రితో. ఇన్నేళ్లూ మందులు మార్చి రాశారే గాని, ఉన్న చూపుతో మసలడం నేర్పే చోటు ఒకటుందని అక్కడ ఎవరూ అనలేదు. విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దృష్టి పునరావాస సేవలు ఉన్నాయని పైవాటా వారి బంధువు చెబితే తెలిసింది. మెట్ల అంచులకు పసుపు రంగు వేయడం, తల తిప్పుతూ దారిని గాలించడం, తెల్లకర్రతో నడవడం, ఫోను చేత చదివించుకోవడం, ఇవన్నీ నేర్చుకోదగిన విద్యలే.

తెనాలి దగ్గర మా ఊళ్లో తాతయ్యకు చూపు పోయాక అందరూ ఆయనను వసారాలోని మంచం మీద కూర్చోబెట్టారు. అమ్మమ్మ అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టేది. ఒక మధ్యాహ్నం ఆయన అడుగులు లెక్కపెట్టుకుంటూ పెరట్లోని బావి దాకా వెళ్లి, బొక్కెనెడు నీళ్లు తోడి, కాళ్లు కడుక్కున్నారు. ఇల్లంతా కేకలు వేసింది. ఆ తరువాత ఆయనకు కాపలాగా నన్ను పెట్టారు, ఆయన మళ్లీ మంచం దిగి ఎక్కడికీ వెళ్లలేదు. ఆ ఇంటి ప్రేమలో లోటు లేదు. నేర్పే మనిషి ఆ చుట్టుపక్కల లేకపోయాడు.

అందుకే ధ్రువపత్రం గొడవ వదిలేసి ముందు తాడిగడప వెళ్లాలని సాయంత్రం నిశ్చయించుకున్నాను. "రైతుబజారుకు ఒక్కదాన్నే వెళ్లొచ్చా?" అని అత్తయ్యగారు ఎంతో ఆశగా అడిగారు కూడా. ఇది రాస్తుండగా మనసు మారుతోంది. వైకల్యం 40 శాతంగా నమోదైతే ఆమె నెల పింఛను 4,000 రూపాయల నుంచి 6,000 అవుతుంది. ఆ రెండు వేలు చేతిలో ఉంటే ఆటోకు అబ్బాయిని అడగనక్కర్లేదు, అది కూడా స్వతంత్రమే. రేపు సచివాలయంలో సదరం స్లాటు అడుగుతాను, ఫైలులో దృష్టిక్షేత్ర పరీక్ష కాగితాలను అన్నిటికంటే పైన పెట్టి తీసుకువెళతాను.